మూడు కొళాయిల సంగమం

పోయిన వారం మా పక్కింటావిడ సంగమం వెళ్ళి వచ్చి నా చేతిలో ఒక ప్లాస్టిక్ సీసా పెట్టింది. పావులీటరు సీసా. మూతకి సీలు, ఒంటికి రంగు కాగితం, కాగితం మీద శివలింగం, లింగం నెత్తిన మూడు నీలం గీతలు, కింద బంగారు అక్షరాలతో ‘మూడు నదుల పవిత్ర తీర్థం’. “మీ పుట్టిన ఊరే కదండీ, మీకోసమే ప్రత్యేకంగా తెచ్చాను” అంది పాపం, భక్తిగా. నేను మూత తిప్పి వాసన చూశాను. రెండు చుక్కలు అరచేతిలో పోసుకుని నాలిక మీద వేసుకున్నాను. బోరు నీళ్ళు! అచ్చంగా, నికార్సుగా, సున్నం రుచితో సహా బోరు నీళ్ళు. పక్కింటావిడ నా నోటి వంక ఆశగా చూస్తోంది, నేనేదో పరవశించిపోతానని. “ఇవి బోరు నీళ్ళండీ” అని మొహం మీదే అనేశాను. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. మా ఆయన పేపరు పక్కన పెట్టి, “తీసుకుని దణ్ణం పెట్టుకుంటే నీ సొమ్మేం పోయింది?” అన్నారు. నా సొమ్మే పోయింది కనకే అరిచానని ఆయనకి ఎలా చెప్పను? పెళ్ళయి నలభై రెండేళ్ళయినా ఆ సంగతి ఆయనకి పూర్తిగా తెలియదు. నిరుటి శివరాత్రి దాకా నాకూ పూర్తిగా తెలియదు.

ఆ ఊరి పేరు చెప్పను. చెబితే మీరూ వెళ్తారు, మీరూ ఒక సీసా తెచ్చుకుంటారు. మా వైపు అందరూ సంగమం అనే అంటారు, ఆ మాట చాలు. విజయనగరంలో రైలెక్కి చీపురుపల్లిలో దిగి, బస్సులో గంట కూర్చుని, ఆ తరవాత తొమ్మిది మందిని కుక్కే ఆటోలో పదో మనిషిగా వేలాడితే వస్తుంది. దారికి రెండు వైపులా మాఘమాసంలో మినప చేలు, పెసర చేలు, అక్కడక్కడ చెరుకు. ఊరు మొత్తం నాలుగు వీధులు. పెద్దేరు పడమటి నుంచి వస్తుంది, ఎర్రేరు ఉత్తరాన్నుంచి, చల్లగెడ్డ కొండల వైపు నుంచి. మా వైపు చిన్న ఏటిని గెడ్డ అంటాం. మూడూ కలిసేచోట గట్టు మీద శివుడి గుడి. శివరాత్రికి రెండు రోజులు తప్ప ఏడాది పొడుగునా ఆ గుడిలో గంట కొడితే ఎవరు కొట్టారో ఊళ్ళో అందరికీ తెలిసేది, అంత నిశ్శబ్దంగా ఉండేది. చిన్నప్పుడు నాకు ఆ నిశ్శబ్దం అంటే చచ్చే విసుగు. పుణ్యక్షేత్రంలో పుట్టడమంత పుణ్యం లేదని వచ్చినవాళ్ళందరూ నా బుగ్గలు పుణికి చెప్పేవాళ్ళు. వాళ్ళు పొద్దున్న వచ్చి సాయంత్రం బస్సెక్కి పోతారు కదా, ఎన్నయినా చెబుతారు!

మాది వ్యవసాయం ఇల్లు. కాని గుడిలో మాకొక సేవ ఉండేది, నీళ్ళ సేవ. శివరాత్రి పొద్దున్న స్వామికి మొదటి అభిషేకం మూడు ఏర్ల నీళ్ళతో జరగాలి. ఆ నీళ్ళు కలిసిన చోట ముంచినవి పనికిరావు. ఏ ఏటి నీళ్ళు ఆ ఏటిలోనే, ఇంకా కలవకముందు ముంచాలి. మూడు చెంబులు, మూడు సార్లు నడక. చెంబు నిండాక దారిలో నేల తాకకూడదు, మోసేవాళ్ళు మాటాడకూడదు. మూడు నీళ్ళూ కలవాలంటే లింగం మీదే కలవాలి. ఇంతా చేసి ఆ నీళ్ళు మోసేది మగవాళ్ళు కాదు, కోడళ్ళు కూడా కాదు. మా ఇంట పుట్టిన ఆడపిల్లే మొయ్యాలి. ఏర్లు ముగ్గురూ స్వామికి ఆడపడుచులట, ఆడపడుచుల్ని పిలుచుకు రావాలంటే ఆడపడుచే వెళ్ళాలట. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో నాకు తెలియదు. ఆడదాన్ని గర్భగుడి గుమ్మం దగ్గర ఆపే ఊళ్ళో, ఆడది తేకపోతే దేవుడికి స్నానమే లేదని పెట్టిన ఆ మహానుభావుడెవరో గాని, ఆయనకి రెండు చేతులా దణ్ణం పెట్టాలి. దీని వల్ల మా ఇంటికి ఇంకో కట్టుబాటు కూడా వచ్చి పడింది. మా ఆడపిల్లని ఏరు దాటించి ఇవ్వరు. దాటిస్తే శివరాత్రికి నీళ్ళెవరు తెస్తారు? అందుకని మా నాన్న చెల్లెల్ని, అంటే మా మేనత్తని, మూడిళ్ళ అవతలే ఇచ్చారు.

మా అత్త సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎక్కడికో బయల్దేరుతున్నట్టు ఉండేది. నోరు పెద్దది. గట్టు మీద నిలబడి పిలిస్తే అవతలి ఒడ్డున బట్టలుతుక్కునే వాళ్ళు కూడా ‘ఓయ్’ అని పలికేవాళ్ళు. అలాంటి మనిషి శివరాత్రి పొద్దున్న మూడు నడకలూ పెదవి విప్పకుండా నడిచేది. మా మావయ్య ఆ రెండు గంటల సేపూ వీధరుగు మీద కాళ్ళు చాపుకుని, “ఏడాదికి నాకు ఇదే పండగ్రా” అని అందరికీ చెప్పేవాడు. పదహారో ఏట మొదలుపెట్టింది అత్త. ఒంట్లో నలతగా ఉన్నా, ఇంట్లో అశుభం జరిగి మైల పోయిన మర్నాడైనా, పెద్దేరు మోకాలి లోతున ఉన్నా, నడుం లోతున ఉన్నా తెచ్చింది. డెబ్బై దాటాక ఇత్తడి బిందె మానేసి చిన్న చెంబు పట్టింది. ఎవరో ఆక్షేపిస్తే, “సామి సన్నీళ్ళు పోసుకుంతాడు గానీ కొలుసుకుంతాడేటి?” అందట.

అత్త తరవాత ఆ చెంబు నాకు రావాలి. మా నాన్నకి నేనొక్కర్తినే. ఊళ్ళోనే దూరపు వరసలో ఒక బావ ఉన్నాడు, నన్ను అతనికి ఇవ్వాలని పెద్దవాళ్ళు ఎప్పుడో అనేసుకున్నారు. నేనేమో లెక్కలు చదివాను, టీచరు ఉద్యోగం తెచ్చుకున్నాను, విజయనగరం సంబంధం అయితేనే చేసుకుంటానని రెండు పూటలు అన్నం మానేశాను. మూడో పూట మా నాన్నే కంచం తెచ్చి ఎదర పెట్టి ‘సరే’ అన్నారు. అలా మా ఇంటి నుంచి ఏరు దాటిన మొదటి ఆడపిల్లనయ్యాను. ఇది ఎంత గొప్పగా చెప్పుకునేదాన్నో! స్టాఫ్ రూములో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెంబు సంగతి మాత్రం ‘అత్త ఉంది కదా’ అనుకున్నాను. అత్త ఉంటూనే ఉంది మరి. నేను వెళ్ళలేదా అంటే వెళ్ళాను. పెళ్ళిళ్ళకి, కర్మలకి, ఒకసారి పొలం కాగితాలకి. శివరాత్రికి మాత్రం ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం వచ్చేది, టెన్తు పిల్లలకి ప్రీఫైనల్సో, మా అత్తగారింటి జాగారమో.

నిరుడు శివరాత్రికి నాలుగు రోజుల ముందు అత్త ఫోన్ చేసింది. ఆవిడకి ఫోన్ అంటే గట్టు మీద నిలబడి పిలవడమే. చెవికి బెత్తెడు దూరం పెట్టుకుని విన్నాను. “ఒసే అమ్మీ, గుడి కమిటీవోళ్ళు కాయితం తెచ్చినారు, సంతకం ఎట్టమంతన్నారు. నాకు సంతకం వచ్చు గానీ సదవడం రాదు కదే. నువ్వొచ్చి సదివి సెప్తావేటి?” ఏం కాగితం అని అడిగితే, నీళ్ళ సేవ ఆపీసే కాగితమట అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అరవై నాలుగేళ్ళు మోసిన మనిషి చేత, చదవడం రాదని తెలిసి సంతకం పెట్టించుకుంటారా? మర్నాడు కాదు, ఆ పూటే బయల్దేరేదాన్ని, మోకాళ్ళ డాక్టరు అపాయింట్‌మెంటు ఉండబట్టి శివరాత్రి ముందు రోజుకి చేరాను.

ఆటో దిగేసరికి ఊరు గుర్తుపట్టలేదు. గుడికి కొత్త గోపురం, దానికి గులాబీ రంగు, మెట్లకి నున్నటి టైల్సు. ఆ మెట్ల మీద వానాకాలంలో నడవాలంటే శివుడి అనుగ్రహంతో బాటు ఎముకల డాక్టరు అనుగ్రహం కూడా ఉండాలి. మెట్ల పక్కన రేకుల షెడ్డు. షెడ్డులో గోడకి మూడు స్టీలు కొళాయిలు, ఒక్కొక్క కొళాయి మీద ఒక్కొక్క పాలరాతి పలక. ఒకదాని మీద ‘బృహత్ వాహిని’, ఒకదాని మీద ‘అరుణ వాహిని’, మూడో దాని మీద ‘శీతల వాహిని’. ఎవర్రా వీళ్ళు అని కాసేపు నాకే అర్థం కాలేదు. పెద్దేరు, ఎర్రేరు, చల్లగెడ్డ! మా చల్లగెడ్డని శీతల వాహిని చేసి గోడకి బిగించారు. జనం వరసలో నిలబడి మూడు కొళాయిల కిందా మూడు సార్లు తల పెట్టి, ‘హర హర మహాదేవ’ అంటున్నారు. నేను షెడ్డు వెనక్కి వెళ్ళి చూశాను. లెక్కల టీచర్ని, ఎటు నుంచి ఏది వచ్చి ఎక్కడ కలుస్తుందో చూడందే ఊరుకోలేను. ఒక్కటే బోరు, ఒక్కటే మోటారు. దానికి ఒక్కటే నల్ల పైపు వచ్చి, గోడ దగ్గర మూడు పాయలైంది. ఏటికి వెళ్ళే పాత రేవుకి ఇనప గేటు, గేటుకి తాళం.

కమిటీ పెద్ద ఎవరనుకున్నారు? ఆ బావే. నన్నివ్వాలనుకున్న బావ. ఇప్పుడు బియ్యం మిల్లు, నుదుటి మీద మూడు వేళ్ళ విభూతి, జేబులో రెండు సెల్లులు. నన్ను చూసి, “ఓలమ్మ, మేష్టరమ్మగారు వచ్చీసినారు! కుర్చీ ఎయ్యండ్రా” అన్నాడు. కుర్చీ అక్కర్లేదు, ముందు ఆ మూడు కొళాయిల సంగతి చెప్పమన్నాను. ఒకే బోరు నీళ్ళకి మూడు పేర్లెలా పెట్టారని అడిగాను. అతను ఏమాత్రం తొణక్కుండా, “అలాగనీకు. ప్రారంభం రోజున మూడు ఏర్ల నీళ్ళూ మూడు బిందెలు తెచ్చి బోరు గొట్టంలో పోయించినాం. మంత్రాలు సదివించి మరీ పోయించినాం. ఇంక లోపల ఉన్నాయి కదేటి మూడూనూ?” అన్నాడు. నిజంగానే అన్నాడు! పక్కనున్న కమిటీ వాళ్ళందరూ తలలూపారు. అంతేకాదు, మొదట పలకలు బిగించినప్పుడు అరుణ వాహినిని ఎడమ వైపు పెట్టారట, ఎర్రేరు కుడి వైపు కదా వస్తుంది, అపచారం అని ఊళ్ళో రెండు పార్టీలై వారం రోజులు కొట్టుకుని, పలకలు పీకించి మళ్ళీ పెట్టించారట. పలకల వరస కోసం కొట్టుకున్న ఊళ్ళో, వాటి కింద కారేది బోరు నీళ్ళని ఒక్కడూ నోరెత్తలేదు. సిగ్గుండాలి.

నోరు పారేసుకున్నాను. దాచుకోను. ఆడవాళ్ళూ పిల్లలూ అందరూ మూగేటట్టు అరిచాను. దేవుడికి బోరు నీళ్ళు పోసి ఏటికి తాళం వేసే మీరు భక్తులా, రేపు దేవుణ్ణి కూడా గోడకి బిగిస్తారా అన్నాను. బావ అంతా విన్నాడు. విని, నిదానంగా అన్నాడు, “నువ్వు అరిసింది బాగుంది. పోయినేడు శివరాత్రికి అత్త ఇసకలో పడిపోనాది. నానూ మా తమ్ముడూ ఎత్తి తెచ్చినాం. నెల్రోజులు మంచం మీద ఉన్నాది. నీకు తెలుసా?” తెలియదు. “ఈసారి ఏట్లో పడిపోతే ఎవులు సమాధానం సెప్తారు? అందుకే గేటు. అందుకే కాయితం” అని కాగితం నా చేతికిచ్చాడు. టైపు చేసిన కాగితం. చదివాను. ‘నాకు వయసు మీరినందువల్లను, మా పుట్టింటి ఆడపడుచులలో ఈ నీళ్ళ సేవ చేయగలవారు ఇంకెవ్వరూ లేనందువల్లను, ఈ సేవను ఇంతటితో విరమించుకొనుచున్నాను’. కింద అత్త పేరు. దాని కింద సాక్షి అని ఒక ఖాళీ గీత. ఇది పైన దేవాదాయ శాఖ వాళ్ళకి పంపితే, ఇంక ఏటేటా మొదటి అభిషేకం కొళాయి నీళ్ళతోనే.

“ఎవ్వరూ లేకపోవడమేమిటి? నేను చచ్చానా?” అన్నాను. బావ నవ్వలేదు. “నువ్వు తెస్తావేటి?” అన్నాడు. తెస్తానన్నాను. అక్కడికక్కడే బ్యాగులోంచి తెల్లకాగితం తీసి, గుడి ముందు నిలిపిన రథం చక్రం మీద పెట్టి గుండ్రటి అక్షరాలతో రాశాను. ‘నా తరవాత ఈ సేవ మా అన్నగారి కూతురు చేస్తుంది. కనుక విరమించుకోవడం లేదు’. ఇదిగో, మా అత్త సంతకం పెడితే దీని మీద పెడుతుంది, పంపుకోండి ఎవరికి పంపుకుంటారో అన్నాను. నా అరుపులు విని వచ్చిన అత్త అంతసేపూ నా పక్కనే మెట్టు మీద కూర్చుని ఉంది. రెండు కాగితాలూ తీసుకుని, మడిచి బొడ్డులో దోపుకుంది. “రేపు నీళ్ళు తెచ్చినాక సంతకం ఎడతాను. ఏ కాయితం మీద ఎట్టాలో అప్పుడు సెప్తాను. పద, దుంపలు ఉడకెట్టాల” అంది. నేను గెలిచినట్టే అనుకున్నాను. ఇంటికి వెళ్ళి చిలగడదుంపలు కడుగుతూ కూడా బావని తిడుతూనే ఉన్నాను. అత్త ఊఁ కొట్టింది గాని, కలిసి తిట్టలేదు.

శివరాత్రి పొద్దున్న తెలవారుతూనే బావ స్వయంగా గేటు తాళం తీశాడు. అత్త తడిబట్టతో, చెంబు పట్టుకుని, ఒక చేత్తో నా భుజం పట్టుకుని ముందు ఎర్రేటికి నడిచింది. ఇసక చల్లగా, కాలు పెడితే చీలమండ దాకా దిగబడుతోంది. వంగి, పైనీళ్ళు చేత్తో పక్కకి తోసి, కింది నీళ్ళు ముంచింది. ముంచిందగ్గర్నుంచి మౌనం. గుడి దాకా ఒక్క మాట లేదు. కళ్ళతోనే నా చెయ్యి ఎక్కడ పట్టుకోవాలో చెప్పింది. పూజారి చెంబు అందుకుని లోపల ఆ ఏటికి విడిగా ఉంచిన కంచు పాత్రలో పోసి, ఖాళీ చెంబు ఇచ్చాడు. రెండోసారి పెద్దేరు. తిరిగి వచ్చేటప్పుడు మూడు చోట్ల ఆగింది. ఒగర్పు వినిపిస్తోంది, చెంబు మాత్రం వొణకలేదు. రెండో చెంబు కూడా ఇచ్చి మెట్టు మీద కూలబడింది. మోకాలు పట్టేసింది, లేవలేకపోయింది. నా వంక చూసి ఖాళీ చెంబు నా చేతికిచ్చి, “సల్లగెడ్డ నువ్వే తే. నీదే కదా ఇంక” అంది.

నా ఆనందం ఏం చెప్పను! అరవై ఆరేళ్ళ దాన్ని, మోకాళ్ళ నొప్పుల దాన్ని, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని ఏట్లోకి దిగాను. చల్లగెడ్డ ఎక్కడ ముంచాలో నాకు చూపించక్కర్లేదు. గెడ్డ పెద్దేటిలో కలిసే చోట నల్లబండ ఉంటుంది. దానికి ఇవతలి వైపు ఉన్నంత వరకూ గెడ్డ నీళ్ళు, అవతలికి వెళ్తే కలిసిపోతాయి. ఏడేళ్ళప్పుడు ఆ బండ మీద కూర్చుని కాళ్ళు ఊపుతూ అత్త ముంచడం చూశాను. బండ ఉంది, అలాగే ఉంది. దాని ఇవతలికి వెళ్ళి, పైనీళ్ళు తోసి, కిందివి ముంచాను. నోరు మూసుకుని, మెడ నిటారుగా పెట్టుకుని, మెట్లెక్కి, ఆ మూడు కొళాయిల ముందు నుంచి కావాలనే నెమ్మదిగా నడిచాను. వరసలో ఉన్న జనం తప్పుకుని దారిచ్చారు. ఎవరో ముసలమ్మ నా అడుగులు తాకి కళ్ళకద్దుకుంది. కమిటీ వాళ్ళందరూ లేచి నిలబడ్డారు. చూడండ్రా అనుకున్నాను. చూడండి, నికార్సయిన నీళ్ళంటే ఏమిటో!

అత్త మెట్టు మీంచి చెయ్యి చాపింది. తెచ్చిన నీళ్ళు పూజారికి ఇచ్చే ముందు సేవ చేసేవాళ్ళు కొన్ని చుక్కలు అరచేతిలో పోసుకుని నోట్లో వేసుకుంటారు, అదీ ఆనవాయితీయే. ఆవిడ దోసిట్లో కొంచెం వొంచాను. నాలిక మీద వేసుకుంది. మళ్ళీ చెయ్యి చాపింది, మళ్ళీ పోశాను.

“ఎక్కడ ముంచినావే?” అంది.

“నల్లబండకి ఇవతల, నువ్వు ముంచే చోటే” అన్నాను.

“బండ కాడ పెద్దేరే ఉంతాది ఇప్పుడు. ఇసక తవ్వీసినారు కదే, ఏరు ఇటు ఒరిగిపోనాది. గెడ్డ పైన మామిడితోట కాడే కలిసిపోతాది. ఇవి కలిసిపోయిన నీళ్ళు.” ఆగి, మెల్లగా అంది, “ఏరు జరిగిపోయి పాతికేళ్ళయిందే.”

ఎవరైనా నన్ను నలుగురిలో చెంపదెబ్బ కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు. అత్త చెంబులో నీళ్ళు మెట్ల పక్కనున్న బంతిమొక్క మొదట్లో పోసేసింది. నేను మళ్ళీ వెళ్ళి తెస్తానన్నాను. మామిడితోట ఎటువైపో చెప్పమన్నాను. చెప్పమన్నాక గాని నాకు తెలియలేదు నేనేం అడుగుతున్నానో. నా పుట్టిన ఊళ్ళో, నా ఇంటి సేవకి, ఏ ఏరు ఎక్కడుందో దారి అడుగుతున్నాను! ఊరంతా వింటోంది. ఎవ్వరూ నవ్వలేదు. నవ్వి ఉంటే తిట్టడానికైనా ఉండేది.

అప్పుడు బావ సెల్లులు రెండూ తమ్ముడి చేతికిచ్చి, చెప్పులు విప్పి అత్త దగ్గరకొచ్చాడు. “రా అత్తా, లెగు. మామిడితోట కాడికి బండి మీద దింపీసి, ఏట్లోకి నాను పట్టుకుంతాను. ముంచడం నువ్వే ముంచుదువు గాని” అన్నాడు. ఎక్కడ దిగాలో, ఎక్కడ ఊబి ఉంటుందో, ఎక్కడ కాలు నిలుస్తుందో అతనికి తెలుసు. పోయినేడు అత్తని అక్కడి నుంచి ఎత్తి తెచ్చినవాడు అతనే కదా. వెళ్ళేటప్పుడు మోటారు సైకిలు మీద వెళ్ళారు. వచ్చేటప్పుడు నడిచే వచ్చారు, నీళ్ళు నిండాక నడిచే రావాలి. ముప్పావుగంట పట్టింది. పూజారి అభిషేకం ఆపి కూర్చున్నాడు. జనం కూడా ఏం తొందరపెట్టలేదు. వాళ్ళిద్దరూ గేటు దాటి వస్తుంటే చూశాను. అత్త అతని మోచెయ్యి పట్టుకుని, నోరు కట్టుకుని, మెడ కొంచెం ముందుకి చాపి నడుస్తోంది. అతనూ ఒక్క మాట మాటాడలేదు. రాత్రంతా నేను పేరు పెట్టి తిట్టిన మనిషి.

అభిషేకం అయింది. మూడు నీళ్ళూ లింగం మీద కలిసి కిందికి జారాయి. అత్త గుమ్మం అవతల నిలబడి చూసింది. తరవాత మండపంలో చాప మీద కూర్చుని, బొడ్డులోంచి రెండు కాగితాలూ తీసింది. ఏది ఏదో చెప్పమని నన్నే అడిగింది. చెప్పాను. టైపు కాగితాన్ని ముందుకి లాక్కుని, నా కాగితాన్ని మడత పెట్టి నాకిచ్చేసింది.

“ఇదేమిటత్తా! నేను నేర్చుకుంటాను. వచ్చే ఏడాదికి నేర్చుకుంటాను” అన్నాను.

“నేర్సుకుంతావు, నువ్వు తెలివైన గుంటవే. ఆ కొళాయిల మీద అబద్దం రాయించినారని నిన్నటి నుంచీ అరస్తన్నావు. మంచిదే, అరవాల. మరి నువ్వు రాసిందేటి? నా తరవాత నువ్వు సేస్తావనా? నాను దాని మీద సంతకం ఎడితే, నాదీ ఓ కొళాయే కదేటి?” అంది. కోపంగా అనలేదు. నా గడ్డం పుచ్చుకుని అంది. నాకు అదే ఎక్కువ కోపం తెప్పించింది. ఆవిడ మీద కాదు. ఎవరి మీదో తెలుసు గాని, ఆ మనిషి మీద అరవడానికి నాకు నోరు పెగల్లేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, అదే అయింది.

అత్త సంతకం చేసింది. నాలుగక్షరాల పేరు, ఒక్కొక్క అక్షరం గీస్తూ, నాలిక పళ్ళ మధ్య పెట్టుకుని, ఐదు నిమిషాలు. ఆ కొళాయిలు అబద్ధమే, ఇప్పటికీ అంటాను, మళ్ళీ కనిపిస్తే మళ్ళీ అరుస్తాను. కాని ఆ కాగితంలో ‘ఇంకెవ్వరూ లేనందువల్లను’ అన్న ముక్క ఒక్కటీ నిజం. దాన్ని నిజం చేసింది బావ కాదు, కమిటీ కాదు. బావ కాగితం నా వైపు తిప్పి, “మేష్టరమ్మా, సాక్షి సంతకం మీ ఇంటివోళ్ళదే ఉండాలట. ఎడతావేటి?” అన్నాడు, నా మొహం చూడకుండా. పెట్టాను. పక్కన తారీఖు కూడా వెయ్యమన్నాడు. ఆ రోజు తారీఖే వేశాను. నిజానికి నేను వెయ్యాల్సిన తారీఖు నలభై రెండేళ్ళ కిందటిది.